నీ మంచి కాగితాలకు దండం

గోల్కొండ చెరలో ఉన్న రామదాసు తన రాముణ్ణి నిలదీశాడు. కృష్ణాతీరాన శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రమహావిష్ణువు మీద కాసుల పురుషోత్తమకవి ఒక శతకమంతా నిందాస్తుతిగా చెప్పాడు. వాళ్ళిద్దరూ దేవుణ్ణి వెక్కిరించలేదు. నమ్మినవాడికి ఉండే చనువు అది. పరాయివాడితో మర్యాదగా మాట్లాడి వచ్చేస్తాం. మనవాణ్ణయితే చెయ్యి పట్టుకుని అడుగుతాం.

పెద్ద పార్టీ, ఆ చనువుతోనే నిన్ను 'నువ్వు' అంటున్నాను. 1983 నుంచి చిక్కడపల్లిలో ప్రతి ఎన్నికకూ వరుసలో నిలబడ్డాను. నీ జెండా రంగు మారింది, గుర్తు మారింది, పేరూ మారింది. గెలిచి కుర్చీలో కూర్చున్నది ఎవరైనా నాకు పెద్ద పార్టీవి నువ్వే. వలస వచ్చినవాడి గురించీ, ఉన్న ఊరివాడి గురించీ డెబ్భై ఏళ్ళుగా నువ్వు చేసినవాటిని ఇవాళ స్తుతిస్తాను. ఇందులో ఒక్క అబద్ధమూ ఉండదు. నీలో నిజంగా ఉన్న గుణాలనే ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదటి దండం నీ ఎరుకకు. నీకు తెలియక జరిగింది ఏదీ లేదు. సాలార్‌జంగ్ కాలంలో ఉత్తరాది నుంచి వచ్చిన ఉద్యోగుల మీద మొదలైన ముల్కీ, గైర్‌ముల్కీ తగవు, అంటే స్థానికుడా పరాయివాడా అన్న తగవు, నీ రికార్డుల్లో ఉంది. పదిహేనేళ్ళు ఇక్కడ నివాసముంటేనే ముల్కీ అన్న 1919 నాటి నిజాం ఫర్మానా నీ బీరువాలోనే ఉంది. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు 1928లో ఆడపిల్లలకు తెలుగు బడి ఎందుకు పెట్టవలసివచ్చిందో కూడా నీకు తెలుసు. కొలువు ఉర్దూలో, చదువు ఉర్దూలో నడిచిన రాజ్యంలో తెలుగు పిల్ల తన ఊళ్ళోనే ఆఫీసు మెట్లెక్కలేని మనిషి. 1948లో ఆ రాజ్యం పోయింది. ఆఫీసు ఉర్దూ వదిలి ఇంగ్లీషు పట్టుకుంది. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు మద్రాసు వైపునుంచి వచ్చారు. తెలంగాణ కుర్రవాడు ఒక తరంలోనే రెండోసారి తన ఊరి ఆఫీసుకు పరాయివాడయ్యాడు.

1952లో ఆ కడుపుమంట వరంగల్లులో రాజుకుని హైదరాబాదు చేరింది. దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు పోతున్నాయని చదువుకునే పిల్లలు వీధిలోకి వచ్చారు. 'నాన్ ముల్కీ గో బ్యాక్' అన్నారు. 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అన్నారు. సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్చారు, ప్రాణాలు పోయాయి. అప్పుడు రాష్ట్రానికి బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి, కుర్చీలో ఉన్నది నువ్వు. కనుక తర్వాతి కథలో ఏ మలుపు దగ్గరా 'మాకు తెలియదు' అనే అవకాశం నీకు లేదు. నీ ఎరుక అంత సంపూర్ణమైనది.

రెండో దండం నీ రాతకు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల పెద్దలనూ కూర్చోబెట్టి పెద్దమనుషుల ఒప్పందం రాయించావు. నేను దాన్ని ఎన్నోసార్లు చదివాను. మంచి కాగితం. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే అంది. ఇక్కడి ఉద్యోగానికి పన్నెండేళ్ళ నివాసం ఉండాలంది. ప్రాంతీయ మండలి ఉండాలంది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలంది. ఎదుటివాడి భయాన్ని మన భయంలా అర్థం చేసుకుని రాసిన రాత అది. ఆ నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. తొలి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి లేరు.

మా నాన్న 1957లో కృష్ణా జిల్లా నుంచి ట్రంకుపెట్టెతో నాంపల్లి స్టేషన్లో దిగాడు. ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. చిక్కడపల్లిలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు, తర్వాత ఇల్లు కట్టాడు. మంచి మనిషి. ఒకరి రూపాయి ముట్టనివాడు. ఆయన చేరిన ఖాళీ ఏ లెక్కలోదో, ఆ కుర్చీలో న్యాయంగా ఎవరు కూర్చోవలసిందో నేను ఆయన్ని అడగలేదు, ఆయన చెప్పలేదు. నువ్వు రాసి, పక్కన పెట్టిన కాగితం మీద మా ఇల్లు నిలబడి ఉందేమోనన్న అనుమానం నన్ను వదలలేదు. అందుకే ఈ స్తుతి చేసే హక్కూ, చెయ్యవలసిన బాధ్యతా రెండూ నాకున్నాయి.

మూడో దండం నీ కౌగిలికి. 1969లో తెలంగాణ మళ్ళీ లేచింది. ఆ ఏడాది మార్చి 28న సుప్రీంకోర్టు 1957 నాటి ఉద్యోగాల చట్టంలోని నివాస నిబంధనను కొట్టేసింది. పోలీసు కాల్పుల్లో పోయినవారు 369 మంది అని ఉద్యమకారులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజాసమితి గెలిచింది. అంత ఎదురుగాలిలోనూ నువ్వు చేతులు చాచావు. ఆ ఏడాదే ప్రజాసమితి నీలో కలిసింది. దాన్ని నడిపిన మర్రి చెన్నారెడ్డిగారు 1978లో నీ ముఖ్యమంత్రి అయ్యారు. నిన్న తిట్టినవాణ్ణి ఇవాళ తలకెత్తుకునే గుణం చిన్న మనసుకు రాదు.

కానీ నీ కౌగిలిలో చోటు దొరికింది నాయకుడికే. ఫిర్యాదు గుమ్మం బయట నిలబడి ఉండిపోయింది. 1972 అక్టోబరు 3న అదే సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంటే, ఈసారి కోస్తాలో జై ఆంధ్ర అంటూ లేచారు. ఒకే ప్రశ్నకు నువ్వు రెండు ప్రాంతాల్లో రెండు జవాబులు చెప్పి ఉన్నావు. అక్కడివాడూ మోసపోయాననుకున్నాడు, ఇక్కడివాడూ మోసపోయాననుకున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నీ ముఖం చూసినవాళ్ళు తక్కువ.

నాలుగో దండం నీ లెక్కకు. ఆరుసూత్రాల పథకం 1973లో వచ్చింది. రాజ్యాంగంలో 371డి అధికరణం చేరింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు జోన్లు గీసింది. దాన్ని దాటి నియామకాలు జరిగాయని గోల పుడితే అధికారుల కమిటీ కూర్చుని లెక్కపెట్టింది. తెలంగాణలోని ఐదు, ఆరు జోన్లలో నిబంధనలకు విరుద్ధంగా చేరిన స్థానికేతరులు 58,962 మంది అని తేల్చింది. తలలు లెక్కపెట్టి ఇంత ఖచ్చితంగా తన తప్పును తానే కాగితం మీద పెట్టుకున్న ప్రభుత్వాలు తక్కువ. 1985 డిసెంబరు 30న 610 జీవో ఇచ్చావు. 1986 మార్చి 31లోగా వాళ్ళను సొంత జోన్లకు పంపాలన్నావు.

ఆ మార్చి వెళ్ళింది. మరో పదిహేను మార్చిలు వెళ్ళాయి. 2001లో ఆ జీవో ఏమైందో చూడమని గిర్‌గ్లానీ కమిషన్ వేశావు. ఆ ఏడాదే ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టింది. నీకు వ్యతిరేకంగా లేచిన గొంతుకు కావలసిన పాఠమంతా నీ చేతిరాతలోనే ఉంది. వేదికెక్కినవాడు కొత్తగా ఒక్క అంకె కూడా కల్పించనక్కరలేకపోయింది. నీ జీవో చదివి వినిపిస్తే చాలు, మైదానం దద్దరిల్లేది. ఆవేశంతో గెలిచే పార్టీలు ఎక్కడినుంచి పుడతాయని పండితులు చర్చిస్తారు. మా దగ్గర అవి నీ ఫైళ్ళలోంచి పుట్టాయి.

ఐదో దండం నీ మాటనేర్పుకు. 2004లో తెరాసతో పొత్తు పెట్టుకుని తెలంగాణ పేరు చెప్పి ఓట్లడిగావు. 2009లో జెండా మార్చి మళ్ళీ అదే పార్టీతో పొత్తు పెట్టుకున్నావు. అదే ఏడాది ఏప్రిల్‌లో తెలంగాణలో పోలింగ్ ముగియగానే నంద్యాల సభలో నీ ముఖ్యమంత్రి, రేపు హైదరాబాదు వెళ్ళాలంటే వీసా కావాల్సివస్తుందేమోనన్నారు. ఒకే నెలలో ఒకచోట ఆశ పంచగలవు, ఇంకోచోట భయం పంచగలవు. రెండు చోట్లా నీ మాట నమ్మారు. అంత నేర్పు ఇంకెవరికుంది?

ఆ నేర్పు మా ఇంటి మేడమీద ఏం చేసిందో చెబుతాను. అప్పుడు మా పై పోర్షన్లో ఇద్దరు కుర్రాళ్ళు అద్దెకుండేవాళ్ళు. ఒకడిది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. ఇంకొకడిది టెక్కలి వైపు. ఇద్దరూ గ్రూప్స్‌కి చదువుతున్నారు. పొద్దున్నే సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టుకోవడానికి కలిసే పరుగెత్తేవాళ్ళు. పాలమూరు అబ్బాయి నాన్న ముంబైలో మేస్త్రీ కింద కూలి. టెక్కలి అబ్బాయి నాన్న చెన్నైలో మేస్త్రీ కింద కూలి. ఇద్దరి తండ్రులూ పరాయి ఊళ్ళలో 'ఎక్కడినుంచి వచ్చావ్' అన్న ప్రశ్న మోసినవాళ్ళే. మేడమీద ఒకే కుక్కర్లో అన్నం ఉడికేది. పచ్చిపులుసు ఒకడిది, ఆవపెట్టిన కూర ఇంకొకడిది.

2009 డిసెంబరు 9 రాత్రి ఢిల్లీ నుంచి, తెలంగాణ ఏర్పాటు మొదలుపెడతామని కేంద్ర హోంమంత్రి చిదంబరంగారి ప్రకటన వచ్చింది. పాలమూరు అబ్బాయి కిందికి దిగివచ్చి నా నోట్లో మిఠాయి పెట్టాడు. 23న దాన్ని వెనక్కి లాగుతూ రెండో ప్రకటన వచ్చింది. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. రెండు వారాల్లో టెక్కలి అబ్బాయి చాయ్ బండి దగ్గర మాట్లాడటం మానేశాడు. రెండు వేళ్ళు చూపిస్తే బండివాడు రెండు చాయ్‌లు ఇచ్చేవాడు. నోరు తెరిస్తే యాస బయటపడుతుందని వాడి భయం. వీధి చివర మెస్ బోర్డు మీద 'ఆంధ్రా' అన్న మాటకు ఎవరో తెల్లసున్నం పూశారు. ఓనరు దాన్ని తుడవలేదు.

ఒకరోజు పాలమూరు అబ్బాయి మెట్ల మీద కూర్చుని నన్నడిగాడు: "అంకుల్, 610 అమలు చేసుంటే నాకు వీనితోని లొల్లి ఏముండె?" నా జీవితంలో విన్న రాజకీయ విశ్లేషణల్లో ఇంతకు మించింది లేదు. ఫైలు మీద తీరవలసిన లెక్కను నువ్వు తీర్చకపోతే అది మనిషి మీద పడుతుంది. జీవోను దోషిగా నిలబెట్టడం కష్టం, దానికి ముఖం లేదు. పక్క మంచం మీద పడుకున్నవాడికి ముఖం ఉంది, యాస ఉంది.

ఆరో దండం నీ నేర్చుకునే గుణానికి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. న్యాయమైన కోరిక నెరవేరింది. వలస వచ్చినవాడి కొడుకునైన నేను ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. నిన్నటిదాకా నీ ఎదుట నిలబడి అరిచినవాడు ఆ రోజు నువ్వే అయ్యాడు. ఆ ఏడాదే, 1956 నవంబరు 1కి ముందునుంచి ఇక్కడున్న కుటుంబాల పిల్లలకే ఫీజు సాయమని జీవో ఇచ్చావు. మా నాన్న దిగింది 1957లో. ఒక్క ఏడాది తేడా. అప్పుడు మా తమ్ముడి కూతురు ఇంజనీరింగులో చేరుతోంది. పుట్టింది ఇక్కడే, ఆ పిల్లకు కృష్ణా జిల్లా ఎలా ఉంటుందో తెలియదు. తర్వాత ఆ జీవోను వెనక్కి తీసుకున్నావు. సెటిలర్ల కాలికి ముల్లు గుచ్చుకుంటే పంటితో తీస్తానన్నావు. 2016 నగర ఎన్నికల్లో 150 డివిజన్లలో 99 గెలిచావు. ఓట్లున్నాయని తెలిశాక మనిషి విలువ నేర్చుకున్నావు. తెలియక ముందు కూడా ఆ విలువ అంతే ఉండేది.

ఇంకోటి కూడా నేర్చుకున్నావు. 2020 నగర ఎన్నికల్లో నీకు ఎదురొచ్చినవాళ్ళు రోహింగ్యాల పేరెత్తి పాతబస్తీలో సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్నారు. 4 డివిజన్ల పార్టీ 48కి పెరిగింది, నువ్వు 56 దగ్గర ఆగావు. ఏళ్ళ తరబడి స్థానికుడా, కాదా అన్న తూకంతోనే మనుషుల్ని తూచడం మాకు నేర్పింది నువ్వే. అదే తరాజు ఇంకొకరు తీసుకుని ఇంకో మనిషిని అందులో పెట్టారు.

ఈ గుణాల్లో నీకు విదేశాల్లోనూ బంధువులున్నారు. బ్రిటన్లో 2010లో కన్సర్వేటివులు నికర వలసను ఏడాదికి లక్షలోపుకు దించుతామన్నారు. 2015లో అది మూడు లక్షలు దాటింది. వాళ్ళకూ ఒక 610 తయారైంది. 2014 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో వలసల్ని వ్యతిరేకించే యూకిప్ పార్టీ మొదటి స్థానంలో నిలిచింది, 2016 జూన్ 23న దేశమే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి ఓటేసింది. నెదర్లాండ్స్‌లో 2023 జులైలో శరణార్థుల తగవు మీద రుటె ప్రభుత్వం కూలింది. ఆయన పార్టీ ఎన్నికల్లో అదే మాట ఎత్తుకుంది. నవంబరులో 150 సీట్లలో 37 గెలిచి ముందు నిలిచింది మాత్రం గీర్ట్ విల్డర్స్ పార్టీ. సందు చివర అనే మాటను నువ్వు సభలో అంటే ఆ మాటకు పరువు వస్తుంది. పరువు వచ్చాక జనం దాన్ని మొదటినుంచీ అంటున్నవాడి దగ్గరికి వెళతారు. ఓటు వాడికి, పరువు ఇచ్చిన పుణ్యం నీకు.

చివరి దండం నీ ఉదారతకు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుతో 95 శాతం ఉద్యోగాలు స్థానికులకే అన్నావు. 1956లో రాసిన కాగితం కన్నా ఇది గట్టిది, నిజంగా మెచ్చుకోదగ్గది. ఆ తర్వాత కొత్త రాష్ట్రంలో తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది. పోస్టులు 503. ఆ అక్టోబరు 16న ప్రిలిమ్స్ పెట్టావు. 2023 మార్చిలో పేపర్ లీక్ బయటపడి అది రద్దయింది. జూన్ 11న మళ్ళీ రాయించావు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఈ కథలో ఎక్కడా నాన్ లోకల్ లేడు. పేపరు బయటికి పోవడానికి ఏ యాసతోనూ పని లేకపోయింది.

ఆ నవంబరులో ఎన్నికల ముందు రాహుల్ గాంధీగారు అశోక్‌నగర్ వచ్చి ఈ పరీక్షలకు చదివే పిల్లల మధ్య కూర్చున్నారు. వాళ్ళ మాట విన్నారు. ఏడాదిలో 2 లక్షల ఉద్యోగాలన్నావు. కుర్చీ మారింది, మళ్ళీ నువ్వే వచ్చావు. 2024 ఆగస్టులో జాబ్ క్యాలెండర్ ఇచ్చావు. అక్టోబరులో గ్రూప్-1 ఎంపిక నిబంధనలు మార్చిన జీవో 29 రద్దు చెయ్యాలని, మెయిన్స్ వాయిదా వెయ్యాలని అడిగిన అభ్యర్థుల మీద అదే అశోక్‌నగర్ రోడ్ల మీద లాఠీలు లేచాయి. లైబ్రరీ సందులో చెప్పులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక జత దగ్గర వంగి చూశాను. మడమల దగ్గర అరిగి, రెండుచోట్ల కుట్లు వేయించుకున్న చెప్పులు.

ఎన్ని ఉద్యోగాలన్న ప్రశ్నకు జవాబు లేనప్పుడల్లా ఎవరికి ఉద్యోగాలన్న ప్రశ్న లేస్తుంది. దానికీ జవాబు లేకపోతే ఎవరు పోవాలన్న ప్రశ్న లేస్తుంది. 2025 ఆగస్టులో 'మార్వాడీ గో బ్యాక్' అన్నారు. 1952లో సిటీ కాలేజీ ముందు వినిపించిన ఆ రెండు మాటలే. ఆ మరుసటి నెల 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని సంతకం పెట్టాడు. మా వీధిలో ఆ రాత్రి దీపాలు ఆరలేదు. అక్కడ పిల్లలున్న తల్లులు ఫోన్లు పట్టుకుని మేడల మీద తిరిగారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో మా హైదరాబాదు కుర్రవాణ్ణి ఒకడు తన దేశం నుంచి పొమ్మని అరిచి కాల్చిన రోజు వాళ్ళందరికీ గుర్తుంది. ఇక్కడ మనం ఇంకొకరితో అన్నమాటే అక్కడ మన పిల్లలు వింటున్నారు.

స్తోత్రం చివర ఫలశ్రుతి ఉండాలి. దీన్ని విన్న పెద్ద పార్టీ ఏ ఫలం పొందుతుందో చెబుతాను. చెయ్యగలిగిందే రాస్తే, రాసింది గడువులోగా చేస్తే, చెయ్యలేనిది చెయ్యలేనని ముందే చెబితే, ఎదుటివాడి నినాదాన్ని అరువు తెచ్చుకోకుండా ఉంటే, వాడి చేతిలో చదివి వినిపించడానికి నీ కాగితం ఒక్కటి కూడా ఉండదు. అదే ఫలం. అంతకు మించి ఏ శత్రువునూ నువ్వు గెలవనక్కరలేదు.

ఆ ఇద్దరు కుర్రాళ్ళకూ ఇప్పుడు నలభై దగ్గరపడి ఉంటాయి. మా పై పోర్షన్లో కొత్త పిల్లలున్నారు. ఈ పొద్దున చాయ్ బండి దగ్గర ఒక కుర్రవాడు మాట్లాడకుండా ఒక వేలు చూపించాడు. ఏ రాష్ట్రం నుంచి వచ్చాడో తెలియదు, నేను అడగలేదు. అడిగితే వాడికి పాత ప్రశ్నే వినిపిస్తుంది. ఏ ఊరివాడైనా ఈ బండి దగ్గర తన సొంత యాసలో గట్టిగా 'ఒక చాయ్' అని అడిగే రోజు తీసుకురా. ఈ స్తుతిలోంచి నిందనంతా నేనే తుడిచేస్తాను. మిగిలిన దండం ఒక్కటే నీకు పెడతాను.